నడివయసు జబ్బులకు గర్భంలో పడే బీజం

పేదరికంలో పుట్టినవారికి పెద్దయ్యాక గుండెజబ్బులు, మధుమేహం ఎక్కువగా వస్తున్నాయంటే, దానికి కారణం గర్భంలో దొరకని పోషణా, పుట్టాక దొరకని తిండా, లేక జీవితాంతం వెంటాడిన లేమా అన్నది తేల్చడం చాలా కష్టం. మామూలుగా ఈ మూడూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి బతుకులో కలగలిసి ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు అర్ధాకలితో గడిపిన తల్లి, కాన్పు కాగానే కలిగిన ఇల్లాలు అయిపోదు. గర్భిణులను కావాలని పస్తులుంచి చూసే ప్రయోగం ఎవరూ చేయలేరు, చేయకూడదు కూడా. అందుకే ఈ విషయంలో పరిశోధకులు ఒక యుద్ధకాలపు దుర్మార్గం మిగిల్చిన కాగితాల మీద ఆధారపడవలసి వచ్చింది. అది తేదీ చెప్పగలిగినట్టుగా మొదలై, తేదీ చెప్పగలిగినట్టుగా ముగిసి, అంతకుముందూ ఆ తర్వాతా కడుపునిండా తిన్న జనం మీద పడిన కరువు.

1944 సెప్టెంబరులో, మిత్రరాజ్యాల సేనలకు తోడుగా, లండన్‌లో తలదాచుకున్న నెదర్లాండ్స్ ప్రభుత్వం ఇచ్చిన పిలుపుతో ఆ దేశపు రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. దానికి ప్రతీకారంగా జర్మన్ ఆక్రమణదారులు దేశపు పశ్చిమ ప్రాంతానికి ఆహార రవాణాను ఆపేశారు. నవంబరులో పడవల మీద సరుకు తెచ్చుకోవడానికి కొంత సడలింపు ఇచ్చారు గానీ, ఆ ఏడు చలి ముందుగానే వచ్చి కాలువలు గడ్డకట్టడంతో అది పెద్దగా అక్కరకు రాలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మనిషికి రోజుకు దొరికే రేషను నవంబరు చివరికి 1000 కేలరీల కంటే దిగిపోయింది. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు 400, 800 కేలరీల మధ్య ఊగిసలాడింది. జనం ట్యూలిప్ గడ్డలు, పశువులకు వేసే దుంపలు తిన్నారు. 20 వేల మందికి పైగా చనిపోయారు. 1945 మే నెలలో విముక్తి దొరికింది. జూన్ నాటికి రేషను 2000 కేలరీలు దాటింది.

ఈ కరువుకు శాస్త్రంలో అంత విలువ రావడానికి కారణం ఒక ఆసుపత్రి రికార్డు గది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని విల్హెల్మినా గాస్ట్‌హౌస్ ఆసుపత్రిలో, బయట ఆకలి చావులు జరుగుతున్నా, ప్రతి కాన్పు వివరాలూ రాస్తూనే ఉన్నారు: తల్లి బరువు, బిడ్డ బరువు, తల చుట్టుకొలత, మాయ బరువు. 1943 నవంబరు నుంచి 1947 ఫిబ్రవరి వరకు అక్కడ కవలలుగా కాక ఒక్కరుగా, ప్రాణాలతో పుట్టిన 2414 మంది పిల్లలను అర్ధ శతాబ్దం తర్వాత టెస్సా రోజెబూమ్ తదితర పరిశోధకులు వెతకడం మొదలుపెట్టారు. పుట్టిన తేదీని బట్టి, తల్లికి ఎన్నో నెలలో తిండి కరువైందో లెక్కకట్టడం సులువు. కరువు ముదరకముందే పుట్టినవారికీ, కరువు పోయాక కడుపున పడినవారికీ ఆకలి తెలియదు. మిగతావారిలో కొందరికి మొదటి నెలల్లో, కొందరికి నడిమి నెలల్లో, కొందరికి నెలలు నిండే సమయంలో తగిలింది.

ఫలితాల్లో అన్నిటికంటే ఆలోచింపజేసేది పుట్టినప్పటి బరువు సంగతి. నెలలు నిండే వేళ ఆకలి తగిలిన పిల్లలు సుమారు 200 నుంచి 300 గ్రాముల బరువు తగ్గి పుట్టారు. ఇది ఊహించినదే, ఎందుకంటే బిడ్డ బరువు ఎక్కువగా పెరిగేది చివరి మూడు నెలల్లోనే. కానీ మొదటి మూడు నెలల్లో మాత్రమే ఆకలి తగిలి, ఆ తర్వాత తల్లికి తిండి దొరికిన పిల్లలు మామూలు బరువుతోనే పుట్టారు. కాన్పు గదిలో ఏ మంత్రసానీ, ఏ డాక్టరూ వారిలో లోపం పట్టుకోలేరు. అయినా యాభై ఏళ్ల వయసుకు వారిలోనే గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది, 8.8 శాతం మందికి ఉంది, కరువు తగలనివారిలో అది 3.2 శాతమే. వారి రక్తంలోని కొవ్వుల తీరు కూడా బాగాలేదు, ఆడవారిలో నడుము చుట్టూ కొవ్వు పెరిగింది. నడిమి నెలల్లో ఆకలి తగిలినవారిలో శ్వాసనాళాల జబ్బులు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను పోవడం ఎక్కువగా కనిపించాయి. ఏ నెలల్లో తగిలినా ఉమ్మడిగా కనిపించినది, గ్లూకోజు తాగించాక రక్తంలో చక్కెర అదుపు తప్పడం. అది నెలలు నిండేకొద్దీ తగిలినవారిలో మరింత స్పష్టం. ఇక్కడ పరీక్షకు దొరికిన గుండెజబ్బు రోగుల సంఖ్య చిన్నదని గుర్తుంచుకోవాలి. అంకెను అక్షరాలా పట్టుకోవడం కంటే, అది ఎటు మొగ్గుతోందో చూడడం మంచిది.

అంతకు ముందే, 1976లో, సైన్యంలో చేరికకు పరీక్షించిన సుమారు మూడు లక్షల మంది 19 ఏళ్ల డచ్ యువకుల వివరాలతో మరొక అధ్యయనం వెలువడింది. గర్భం తొలి సగంలో కరువు తగిలినవారిలో స్థూలకాయం ఎక్కువగానూ, చివరి నెలల్లో తగిలినవారిలో తక్కువగానూ ఉందని అది తేల్చింది. ఒకే కరువు, ఒకే నగరాలు, కొన్ని నెలల తేడా. ఫలితం మాత్రం తలకిందులు. మనోవ్యాధుల విషయంలోనూ తొలి నెలల ఆకలి జాడ దొరికింది. కరువు తీవ్రంగా ఉన్నప్పుడు కడుపున పడినవారిలో స్కిజోఫ్రీనియా సుమారు రెట్టింపైంది. 1959–61 చైనా కరువు తర్వాత అన్హుయి రాష్ట్రంలోనూ దాదాపు అదే నిష్పత్తి కనిపించింది. అన్నీ చెడిపోయాయనీ అనుకోనక్కర్లేదు: అదే డచ్ యువకుల తెలివితేటల పరీక్షల్లో కరువు తగిలినవారికీ తగలనివారికీ తేడా కనబడలేదు.

ఆకలి తీరిన ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఒంట్లో దాని గుర్తు ఉంటుందా అన్న ప్రశ్నకు 2008లో ఒక జవాబు వచ్చింది. కరువు కాలంలో కడుపున పడిన 60 మందిని, వారి సొంత అన్నదమ్ములు లేక అక్కచెల్లెళ్లతో పోల్చి చూశారు. ఇల్లూ తల్లిదండ్రులూ ఒకరే కాబట్టి పేదరికం, వంశం అనే చిక్కులు చాలావరకు తొలగిపోతాయి. పిండం ఎదుగుదలను నడిపే ఐజీఎఫ్2 అనే జన్యువు మీద అంటి ఉండే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు, కరువులో కడుపున పడినవారిలో తోబుట్టువుల కంటే తక్కువగా ఉన్నాయి. జన్యువు అక్షరాలు మారలేదు, దాన్ని ఎంత వాడాలన్న సూచన మారింది. అయితే ఈ తేడా స్వల్పం. దీనివల్లే జబ్బు వచ్చిందని ఆ పరిశోధన రుజువు చేయలేదు. తొలి వారాల ఆకలి చెరగని ముద్ర వేయగలదని మాత్రమే చూపింది. పత్రికల్లో ఈ తేడా తరచుగా మరుగున పడుతుంది.

పుట్టుకకూ గుండెజబ్బుకూ ముడిపెట్టిన ఆలోచన డచ్ కరువుతో మొదలు కాలేదు. 1986లో డేవిడ్ బార్కర్, క్లైవ్ ఆస్మండ్ అనే బ్రిటిష్ పరిశోధకులు ఇంగ్లండ్, వేల్స్‌లోని 212 ప్రాంతాల మరణాల పటాలను పక్కపక్కన పెట్టి చూశారు. 1921–25 మధ్య పసిపిల్లలు ఎక్కువగా చనిపోయిన చోటల్లా, 1968–78 మధ్య గుండెజబ్బు మరణాలు ఎక్కువగా ఉన్నాయి. గుండెపోటును కలిగినవారి జబ్బుగా, కొవ్వు తిండికీ సిగరెట్టుకూ పడే శిక్షగా చూస్తున్న కాలంలో, అది పేద ఊళ్లలోనే ఎక్కువగా ఉండడం లెక్కకు అందలేదు. ఆ ఊళ్లలో పసితనాన బతికి బయటపడినవారికే ముప్పు మిగిలిపోయిందని బార్కర్ వాదించారు. ఈ వాదనకు మొదట్లో ఆదరణ కంటే ఎగతాళే ఎక్కువ ఎదురైంది.

ఊళ్ల లెక్కల నుంచి మనుషుల లెక్కకు రావాలంటే పుట్టినప్పటి బరువులు కావాలి. అవి హర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో దొరికాయి. 1911 నుంచి అక్కడ మంత్రసానుల పర్యవేక్షణ చూసిన మార్గరెట్ బర్న్‌సైడ్ ఏర్పాటు చేసిన పద్ధతి ప్రకారం ప్రతి బిడ్డ బరువూ పుట్టినప్పుడు ఒకసారి, ఏడాది నిండాక మరొకసారి ఖాతా పుస్తకాల్లో ఎక్కేది. తల్లిపాలా, సీసా పాలా అన్నది కూడా రాసేవారు. ఆ పుస్తకాల ఆధారంగా 5654 మంది మగవారి చరిత్రను బార్కర్ బృందం 1989లో ప్రచురించింది. ఏడాది వయసులో సుమారు 8 కిలోలకు మించనివారిలో గుండెజబ్బు మరణాలు, 12 కిలోలు దాటినవారితో పోలిస్తే రెండున్నర రెట్లు ఎక్కువ. ఏ వైద్యశాస్త్రవేత్తా అడగకుండానే, రేపు ఎవరికో పనికొస్తుందని తెలియకుండానే, గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలు ఓపికగా నింపిన పుస్తకాలవి. మైసూరులోని ఒక మిషన్ ఆసుపత్రిలో 1934 నుంచి భద్రంగా ఉన్న కాన్పు రికార్డులు కూడా అలాగే అక్కరకొచ్చాయి. అక్కడ తక్కువ బరువుతో, చిన్న తలతో పుట్టినవారిలో నడివయసుకు గుండెజబ్బు ఎక్కువని 1996లో తేలింది.

శరీరంలో జరిగేదేమిటి?

గర్భస్థ శిశువుకు అందే పోషణ తగ్గినప్పుడు అన్ని అవయవాలూ సమానంగా నష్టపోవు. రాబడి చాలని ఇంట్లో బియ్యానికి ముందు డబ్బు తీసి, ఇంటి కప్పు మరమ్మతును వచ్చే ఏడాదికి నెట్టినట్టే, పిండం మెదడుకు రక్తం మళ్లించి, కాలేయం, క్లోమం, మూత్రపిండాలు, కండరాల వాటా తగ్గిస్తుంది. ఆ సర్దుబాటు వల్లే బిడ్డ బతికి బయటపడుతుంది. ఇబ్బందంతా కొన్ని అవయవాలకు వచ్చే ఏడాది అనేది లేకపోవడంతో వస్తుంది.

దీనికి మూత్రపిండమే తేటైన ఉదాహరణ. రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్ల తయారీ సుమారు 36 వారాల గర్భంతో ముగిసిపోతుంది. ఆ తర్వాత మనిషి ఎంత బలమైన తిండి తిన్నా కొత్త నెఫ్రాన్ ఒక్కటి కూడా ఏర్పడదు. ఉన్నవి పెద్దవవుతాయి, ఎక్కువ పనిచేస్తాయి, ఒక్కొక్కటే అరిగిపోతాయి. వాటి సంఖ్య తక్కువైతే అదే పని చేయడానికి ఒత్తిడి పెరగాలి, కాబట్టి రక్తపోటు పెరుగుతుందని 1988లో బ్యారీ బ్రెన్నర్ బృందం ప్రతిపాదించింది. 2003లో జర్మనీలో ప్రమాదాల్లో చనిపోయినవారి మూత్రపిండాలను పరిశీలించినప్పుడు, రక్తపోటు ఉన్న పదిమందిలో ఒక్కో మూత్రపిండానికి సగటున సుమారు 7 లక్షల నెఫ్రాన్లు, రక్తపోటు లేని పదిమందిలో సుమారు 14 లక్షలు లెక్కకు వచ్చాయి. ఆ మనుషులు ఎంత బరువుతో పుట్టారో ఆ పరిశోధన చెప్పదు, పైగా మొత్తం ఇరవై మందే. కానీ పుట్టుకకు ముందే ముగిసిపోయే ఒక లెక్కకూ నడివయసు జబ్బుకూ ఉన్న ముడిని ఇంత సూటిగా చూపిన పరిశీలనలు అరుదు.

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల విషయం కూడా కొంతవరకు ఇదే. 1992లో నికొలస్ హేల్స్, బార్కర్ కలిసి చేసిన ప్రతిపాదన ప్రకారం, కరువులో పెరిగిన పిండం తన క్లోమాన్నీ కండరాలనూ పొదుపు బతుకుకు అమర్చుకుంటుంది: ఇన్సులిన్ తక్కువ తయారవుతుంది, కండరాలు చక్కెరను తక్కువ తీసుకుంటాయి, దొరికిన ప్రతి గింజా కొవ్వుగా దాచుకోబడుతుంది. పుట్టాక కూడా కరువే ఉంటే ఈ అమరిక మేలు చేస్తుంది. పుట్టాక సమృద్ధి వస్తే అదే జబ్బుకు దారి తీస్తుంది. మరొక దారి ఒత్తిడి హార్మోనుది. తల్లి రక్తంలోని కార్టిసాల్ బిడ్డను చేరకుండా మాయలోని ఒక ఎంజైము దాన్ని నిర్వీర్యం చేస్తుంది. ఎలుకలకు ప్రోటీను తగ్గించిన మేత పెట్టినప్పుడు ఈ ఎంజైము తగ్గి, పిల్లలకు పెద్దయ్యాక రక్తపోటు పెరిగింది.

గర్భానికీ పుట్టాక ఎదురయ్యే ప్రపంచానికీ పొత్తు కుదరకపోవడమే అసలు సమస్య అనే ఈ వాదనను పరీక్షించడానికి రష్యా నగరం లెనిన్‌గ్రాడ్ పనికొస్తుంది. 1941 నుంచి 1944 వరకు సాగిన జర్మన్ సేనల ముట్టడిలో అక్కడి ఆకలి ఆమ్‌స్టర్‌డామ్ కంటే ఎన్నో రెట్లు ఘోరం. అయినా ఆ ముట్టడిలో గర్భంలో ఉన్నవారిని 1997 నాటి అధ్యయనంలో పరీక్షిస్తే, రక్తంలో చక్కెర విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. కరువు పోగానే కడుపునిండా తిన్నవారు డచ్ పిల్లలు. లెనిన్‌గ్రాడ్ పిల్లలకు పుట్టాక కూడా చాలాకాలం లేమే. తేడాకు ఇదొక్కటే కారణమని చెప్పలేం గానీ, ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టిన 1492 మందిని అనుసరించిన అధ్యయనం కూడా ఇటే మొగ్గు చూపింది. 2004లో వెలువడిన దాని ఫలితం ప్రకారం, ముప్పై ఏళ్ల ప్రాయానికే చక్కెర అదుపు తప్పినవారు రెండేళ్ల వయసు వరకు సన్నగా ఉండి, ఆ తర్వాత బడి వయసులో తోటివారి కంటే వేగంగా ఒళ్లు చేసినవారు. విశేషమేమిటంటే వారిలో చాలామంది ఆ వయసులో లావు పిల్లలు కానే కారు; పన్నెండేళ్లప్పుడు చూసిన ఎవరికైనా ఆరోగ్యంగానే కనిపించేవారు.

సన్నని ఒళ్లు, దాగిన కొవ్వు

"సన్నగానే ఉన్నాడు కదా, షుగరు ఎలా వచ్చింది?" అన్న మాట తెలుగు ఇళ్లలో తరచుగా వినబడుతుంది. దీనికి పుణె నుంచి వచ్చిన జవాబు చాలా పదునైనది. అక్కడి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 1993లో ఆరు గ్రామాల్లో మహిళలను గర్భం రాకముందు నుంచే అనుసరించడం మొదలుపెట్టారు. ఆ పిల్లల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. తగ్గిన ఆ 800 గ్రాములు ఎక్కడ తగ్గాయో కొలిచినప్పుడు, కండలోనూ పొట్టలోని అవయవాల్లోనూ బాగా తగ్గి, వీపు చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు అలాగే ఉన్నట్టు తేలింది. చూపుకు బక్కగా, లోపల కొవ్వుగా ఉండే ఈ నిర్మాణం పుట్టుకతోనే వచ్చిందన్నమాట. యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ మిత్రుడు జాన్ యడ్కిన్ ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) కూడా సరిగ్గా 22.3, ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. 2004లో ఇద్దరి ఫొటోలూ పక్కపక్కనే ఒక వైద్య పత్రికలో అచ్చయ్యాయి. మన దేశంలో బరువును చూసి ఆరోగ్యాన్ని అంచనా కట్టే అలవాటుకు అంతకంటే మంచి జవాబు లేదు.

పుణె అధ్యయనం తేల్చిన మరొక విషయం మొత్తం కేలరీల కంటే కూర, పాలు, పండ్ల వైపు చూపింది. తల్లి తిన్న మొత్తం తిండి ఎంతన్నదానికీ బిడ్డ ఎదుగుదలకూ పెద్దగా పొంతన కుదరలేదు; ఆకుకూరలు, పాలు, పండ్లు ఎంత తరచుగా తిన్నారన్నదానికి మాత్రం కుదిరింది. ఆ తల్లుల్లో మూడింట రెండొంతుల మందికి బీ12 విటమిన్ తక్కువ. బీ12 తక్కువగా ఉండి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ రూపంలో మాత్రల్లో ఇచ్చే విటమిన్) ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో, ఆరేళ్ల వయసుకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం అందరికంటే ఎక్కువగా కనిపించిందని 2008లో ప్రకటించారు. మన ప్రభుత్వ కార్యక్రమాల్లో గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, బీ12 ఉండదు. రక్తహీనత ఇంత విస్తారంగా ఉన్న చోట ఆ మాత్ర మానకూడదు, కానీ దానికి బీ12 జత చేయాలన్న ప్రశ్న ఇంకా బలంగా వినబడాలి.

గర్భంలో లోటు ఒక్కటే కాదు, ఎక్కువైనా చేటే. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయ దాటి బిడ్డను చేరుతుంది, ఇన్సులిన్ చేరదు. అందుకని తల్లికి చక్కెర పెరిగితే బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్ తయారుచేయాలి, ఆ ఇన్సులిన్ కొవ్వును పేర్చుతుంది. అమెరికాలోని అరిజోనాలో పీమా తెగ కుటుంబాలను గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనం దీన్ని తోబుట్టువుల ద్వారానే చూపింది: తల్లికి మధుమేహం వచ్చాక పుట్టిన బిడ్డకు, ఆమెకు రాకముందు పుట్టిన అన్నకో అక్కకో కంటే మధుమేహం ముప్పు మూడు రెట్లకు పైగా ఎక్కువ. తల్లి ఒకరే, వంశం ఒకటే, గర్భంలోని చక్కెరే తేడా. తక్కువ బరువుతో పుట్టిన ఆడపిల్ల పెద్దయ్యాక గర్భిణిగా చక్కెర వ్యాధికి లోనయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, అమ్మమ్మ తరం ఆకలి, అమ్మ తరం చక్కెర, బిడ్డ తరం కొవ్వు ఒకే గొలుసులో చేరుతున్నాయి. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య, పరగడుపుతో పనిలేకుండా 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములకు చేరిందా అని చూసే పరీక్షను ప్రచారంలోకి తెచ్చారు. పరగడుపున రమ్మంటే బస్సెక్కి రెండోసారి రాలేని పల్లె గర్భిణికి ఆ సడలింపు చిన్న విషయం కాదు.

ఇంటి పెద్దలు చెప్పే మాటలు ఇక్కడ రెండు దిక్కులకు లాగుతాయి. "ఇద్దరి తిండి తినాలి" అని ఒకరంటే, "బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుంది, కొంచెం తగ్గించుకో అమ్మా" అని మరొకరు అంటారు. రెండూ అన్నం కొలత గురించినవే. కంచంలో అన్నం పక్కన ఏముందన్న సంగతి రెండింటిలోనూ లేదు.

ఎంతవరకు నమ్మాలి?

ఈ సిద్ధాంతానికి గట్టి విమర్శలు ఉన్నాయి, వాటిలో కొన్ని నిలిచాయి. పుట్టినప్పటి బరువు తగ్గితే రక్తపోటు పెరుగుతుందన్న వాదనకు ఆధారమైన పరిశోధనలన్నిటినీ రేచల్ హక్స్‌లీ తదితరులు 2002లో కలిపి చూసినప్పుడు, చిన్న అధ్యయనాల్లో కనిపించిన పెద్ద తేడా పెద్ద అధ్యయనాల్లో బాగా కుంచించుకుపోయింది. అనుకూల ఫలితం వస్తేనే ప్రచురించే అలవాటు దీనికొక కారణం. మరొక విమర్శ జన్యువుల నుంచి వచ్చింది. ఇన్సులిన్ గర్భంలో బిడ్డను పెంచే హార్మోను కూడా కాబట్టి, ఇన్సులిన్ పనితీరును తగ్గించే జన్యువే బిడ్డను చిన్నగా పుట్టించి, అదే జన్యువు తర్వాత మధుమేహాన్నీ తెచ్చిపెట్టవచ్చని 1999లో ఆండ్రూ హాటర్స్‌లీ, జాన్ టూక్ వాదించారు. 2019లో వెలువడిన ఒక భారీ జన్యు విశ్లేషణ, పుట్టినప్పటి బరువుకూ రక్తపోటుకూ ఉన్న సంబంధంలో వంశపారంపర్య జన్యువులదే ప్రధాన పాత్ర అని తేల్చింది.

కాబట్టి రక్తపోటు విషయంలో బార్కర్ వాదన మొదటి బలంతో లేదు. మధుమేహం విషయంలో అది మరింత గట్టిగా నిలబడింది. దానికి ఒక కారణం, పుట్టినప్పటి బరువుతో పనిలేకుండా, బయటి పరిస్థితి ఒక తేదీన మారిన సందర్భాలు ఇంకా దొరుకుతూ ఉండడం. బ్రిటన్‌లో యుద్ధకాలం నుంచి సాగిన చక్కెర రేషను 1953 సెప్టెంబరులో ముగిసింది. జనం చక్కెర వాడకం వెంటనే దాదాపు రెట్టింపైంది. ఆ తేదీకి అటూ ఇటూ పుట్టినవారిని పోల్చి 2024లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, గర్భంలోనూ తొలి బాల్యంలోనూ రేషను కింద పెరిగినవారికి మధుమేహం ముప్పు సుమారు 35 శాతం, రక్తపోటు ముప్పు సుమారు 20 శాతం తక్కువ. ఆ తగ్గుదలలో మూడో వంతు గర్భంలో ఉన్న కాలానిదే.

అయితే తెలుగు పాఠకులకు వీటన్నిటికంటే దగ్గరి సాక్ష్యం మరొకటి ఉంది. 1987 నుంచి 1990 వరకు, హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం నడిపింది. అప్పటికి అంగన్‌వాడీ కార్యక్రమం ఊరూరా విడతలవారీగా వస్తోంది. అది అప్పటికే వచ్చిన 15 ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా మిశ్రమంతో సోయా నూనె వేసి వండిన ఉప్మా రోజూ పెట్టారు. గర్భిణికి దాని నుంచి సుమారు 500 కేలరీలు అందేవి. ఇంకా రాని 14 ఊళ్లలో ఆ ఉప్మా లేదు. పుట్టిన పిల్లల బరువులో తేడా సగటున 61 గ్రాములు. ఆ అంకె దగ్గరే ఆగిపోతే, ఇంత ఖర్చుకు ఇంతేనా అనిపిస్తుంది.

2003 నుంచి 2005 వరకు ఆ పిల్లలను మళ్లీ వెతికారు. 13 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న 1165 మందిని పరీక్షించి, సంజయ్ కిన్రా తదితరులు 2008లో ఫలితాలు ప్రకటించారు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. ఒంట్లో కొవ్వు, కండ పాళ్లలో రెండు వర్గాలకూ తేడా లేదు, రక్తపోటులోనూ లేదు. కానీ ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్ ఒంట్లో సరిగా పనిచేయకపోవడం, ఉప్మా ఊళ్లలో 20 శాతం తక్కువగా ఉంది, రక్తనాళాల బిరుసు కూడా తక్కువే. పుట్టినప్పటి బరువులో అరవై గ్రాములుగా మాత్రమే కనిపించిన మేలు, పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనిపించింది.

ఈ అధ్యయనానికి లోపాలు లేకపోలేదు. ఏ ఊరికి ఉప్మా వెళ్లాలన్నది చీటీ వేసి తేల్చలేదు, కార్యక్రమం విస్తరించిన వరుసను బట్టి తేలింది. పైగా ఉప్మా తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ అందింది కాబట్టి, మేలు గర్భంలో జరిగిందా, పుట్టాక మొదటి ఆరేళ్లలో జరిగిందా అని విడదీయలేం. అయినా డచ్ కరువు కంటే, హర్ట్‌ఫర్డ్‌షైర్ పుస్తకాల కంటే ఇది విధాన నిర్ణయాలకు ఎక్కువ పనికొస్తుంది. లేమి ఏం చెడగొట్టిందో అవి చెబుతాయి; ఒక సాధారణ ప్రభుత్వ పథకం, సాధారణ పల్లెల్లో, సాధారణ వంటపాత్రతో ఏం బాగుచేయగలదో ఇది చెబుతుంది. అంగన్‌వాడీ పథకాల విలువను బిడ్డ పుట్టినప్పటి బరువుతోనే కొలిచి, ఫలితం అంతంతమాత్రమే అనే వ్యాఖ్యానాలు ఈ ఒక్క కారణం చేత సరికావు.

ఇక మిగిలింది ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్న. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణికి గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. అయితే నెల తప్పినట్టు తెలిసి, ఇంట్లో చెప్పి, వేవిళ్లు కాస్త తగ్గి, కేంద్రంలో పేరు ఎక్కేసరికి చాలామందికి మూడో నెల దాటుతుంది. బిడ్డ గుండె, మెదడు, మూత్రపిండాల తొలి రూపం అప్పటికే ఏర్పడి ఉంటుంది. డచ్ కరువులో బరువు తగ్గకుండానే ముప్పు పెంచినవి సరిగ్గా ఆ తొలి నెలలే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అదంతా గర్భంతో వచ్చినది కాదు, చాలామంది దానితోనే గర్భం దాలుస్తున్నారు. ఈ పరిస్థితిలో "తల్లి సరిగా తినలేదు" అని కోడలి మీద నెపం వేయడం అన్యాయమే కాదు, లెక్క ప్రకారం తప్పు కూడా. ఆ తల్లి ఒంట్లోని నిల్వలు ఆమె బాల్యంలో, ఆమె పుట్టింట్లో, కొంతవరకు ఆమె తల్లి కడుపులోనే నిర్ణయమయ్యాయి.

గర్భానికి ముందే మొదలుపెడితే ఏమవుతుందో ముంబై మురికివాడల్లో పరీక్షించారు. ఆకుకూరలు, పండ్లు, పాలపొడి కలిపి చేసిన చిరుతిళ్లను గర్భం రాకముందు నుంచే మహిళలకు రోజూ ఇచ్చారు. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం మొత్తం మీద బిడ్డల బరువులో తేడా రాలేదు. గర్భానికి కనీసం మూడు నెలల ముందు నుంచి తిన్నవారిలో మాత్రం బిడ్డ బరువు 48 గ్రాములు పెరిగింది, అదీ మరీ బక్కపలచగా ఉన్న తల్లుల్లో కాదు. గర్భిణులకు వచ్చే మధుమేహం 12.4 శాతం నుంచి 7.3 శాతానికి తగ్గడం అంతకంటే పెద్ద వార్త.

పుణెలో మరో అడుగు ముందుకు వేశారు. 1993లో మొదలైన అధ్యయనంలో పుట్టిన పిల్లలకే, వారు పదిహేడేళ్ల ప్రాయంలో ఉన్నప్పుడు, 2012 నుంచి రోజుకు 2 మైక్రోగ్రాముల బీ12 ఇవ్వడం మొదలుపెట్టారు. పెళ్లై పిల్లలు పుట్టేవరకు చూడాలన్నది ఉద్దేశం. అబ్బాయిలను కూడా చేర్చారు, గర్భాన్ని ఆడవారి లెక్కలోనే వేసే ఆలోచనకు అది చిన్న సవరణ. ఆ అమ్మాయిల్లో తల్లులైనవారి బిడ్డలను రెండేళ్ల వయసులో పరీక్షించినప్పుడు, బీ12 తీసుకున్న తల్లుల పిల్లలు తెలివిలో, మాటల్లో మెరుగ్గా కనిపించారు. వారి క్లోమం, రక్తనాళాల సంగతి తేలడానికి ఆ మనవల తరం నడివయసుకు రావాలి.